తూర్పు గుమ్మం

మా ఆడపడుచు సరోజిని వదిన పలాస స్టేషన్‌లో రైలు దిగిందంటే ముందు మారేది ఆవిడ మాట. ఢిల్లీలో ఇంగ్లీషు, హిందీ. రంగూన్ వెళ్తే బర్మా భాష. జపాన్‌లోనో హాలెండ్‌లోనో సదస్సులకి పిలిచినప్పుడు ఏం మాట్లాడుతుందో నాకు తెలీదు. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే మాత్రం, "ఏటే రమణీ, ఈ ఎండలో నువ్వెందుకొచ్చీసేవు? మా తమ్ముడికి కాళ్ళు నొప్పులేటి?" అంటుంది. ఆ ఏడు జీడిపిక్కల కాలంలో వచ్చినప్పుడూ అదే అంది. తమ్ముడి కాళ్ళు నిక్షేపంగా ఉన్నాయని, ఆయన ఊరి మొగలో ఆర్చికి సిమెంటు పని చేయిస్తున్నారని చెప్పాను. వదిన నవ్వలేదు. పెట్టె తనే మోసుకుంటూ, ఆర్చి మీద ఏం రాయిస్తున్నాడని అడిగింది.

'ధర్మదాత జనార్దనరావు గారి స్మారక ద్వారం' అని రాయిస్తున్నారు. జనార్దనరావు గారంటే మావారి తాత. ఆ రోజుల్లో మా వైపు వాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. బారువ రేవులో ఓడెక్కి రంగం పోయి, బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసి బతికేవారు. మా ఊళ్ళో ఒక్కొక్కరినీ పిలిచి, ఓడెక్కించి, పని చూపించింది తాతగారే. కరువులో ఊరిని కాపాడిన మహానుభావుడు. మా ఇంట్లో చెప్పుకునే కథ ఇది. నేను కోడలిగా వచ్చిన నాటినుంచీ విన్నది కూడా ఇదే.

పంచాయితీ ఎన్నికలు వస్తాయని అందరూ అనుకుంటున్నారు. మావారు నారాయణరావు సర్పంచి పదవి మీద మనసు పెట్టుకున్నారు. జిల్లాలో పెద్దాయన ఒకరు ఆర్చి ప్రారంభించడానికి వస్తానన్నారు. ఆయన పక్కన కూర్చుని తాతగారి గొప్పతనం చెప్పడానికి, ఆసియా చరిత్రంతా చదివిన ప్రొఫెసరు కావాలి. ప్రొఫెసరు ఇంట్లోనే ఉంది. కరపత్రంలో వదిన ఫోటో పెద్దాయన ఫోటో కంటే కొంచెమే చిన్నది.

వదిన చదువు సంగతి కూడా చెప్పాలి. టెక్కలిలో ఇంటరు, విశాఖలో ఎమ్మే, ఆ తరవాత ఢిల్లీ. అక్కడ గైడు మొగలాయీల మీద పరిశోధన చెయ్యమన్నాడట. "మా ఊరివాళ్ళు మొగలాయీల దగ్గరికి వెళ్ళలేదండీ, రంగం వెళ్ళారు" అందట ఈవిడ. అక్కడ మొదలైంది తగువు. బర్మా, మలయా, సింగపూరు తిరిగింది. అక్కడ మన కూలీలు ఎలా బతికారో, ఎలా పోయారో రాసింది. ప్రొఫెసరు పదవికి ఇంటర్వ్యూకి వెళ్తే, ఇది చరిత్రా, కూలీల కబుర్లా అని బోర్డులో ఒకాయన అడిగాడు. రాజుల కబుర్లకి చరిత్ర అని పేరు పెట్టినవాళ్ళని ముందు అడిగి రండి అని ఈవిడ జవాబు. ఆ ఏడు పదవి రాలేదు. తరవాతా చాలా ఏళ్ళు రాలేదు. వెనక చేరినవాళ్ళు ముందుకెళ్ళి, ఈవిడ సెలవు చీటీల మీద సంతకాలు పెట్టారు. చివరికి ఆవిడ పుస్తకాలని విదేశాల్లో పాఠాలుగా చెబుతున్నారని తెలిశాక, వాళ్ళకి సిగ్గేసి ఇచ్చారు. పెళ్ళి మాటెత్తిన ప్రతిసారీ ఏదో ఒక దేశం వెళ్ళిపోయేదని మా అత్తగారు చచ్చేదాకా సణిగారు. నాకు మాత్రం ఆవిడంటే లోపల్లోపల గర్వంగా ఉండేది.

ఆ జూన్‌తో ఉద్యోగం అయిపోతుంది. వీడ్కోలు ఉపన్యాసం ఢిల్లీలో ఇవ్వమని డిపార్టుమెంటు అడిగితే వద్దందట. మా ఊళ్ళో ఇస్తానందట. ఆ మాట విని మావారు పొంగిపోయారు.

ఇక గుమ్మం సంగతి. మాది అక్కుపల్లి దారిలో, సముద్రం గాలి తగిలే ఊరు. మా ఇంటికి తూర్పున పెద్ద గుమ్మం ఉంది, రెండు తలుపులది, బర్మా టేకు. పెళ్ళికూతురు లోపలికి వచ్చేదీ, ఆడపిల్ల సారె పట్టుకుని బయటికి వెళ్ళేదీ అందులోంచే. ఎదురుగా కుళాయి, దాని వెనక దక్షిణ వీధి. ఆ వీధివాళ్ళు మా ఇంట్లో పనికొచ్చినా, పెళ్ళికొచ్చినా ఆ గుమ్మం తొక్కరు. చుట్టూ తిరిగి పెరటి దారినే వస్తారు. "తాతగారి మీద గౌరవం తల్లీ. ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్ళకే తెలుసు" అని మా అత్తగారు నాకు కాపురానికొచ్చిన వారంలోనే మురిపెంగా చెప్పారు. తిత్లీ తుపాను నాటి తెల్లవారుజామున వాళ్ళ కప్పులు లేచిపోయి మా ఇంటికి పరిగెత్తుకొచ్చినప్పుడు కూడా, ఎదురుగా తూర్పు గుమ్మం తెరిచి నేను కేకలేస్తుంటే, పడిన కొబ్బరిచెట్లు దాటుకుంటూ, పిల్లల్ని చంకనెత్తుకుని పెరటివైపే తిరిగి వచ్చారు. మావారు ఈ సంగతి మైకు దొరికిన చోటల్లా చెబుతారు. ప్రాణం మీదికొచ్చినా మర్యాద తప్పని మనుషులు మా ఊరివాళ్ళు అంటారు.

వదిన వచ్చిన నాలుగోరోజో ఐదోరోజో తోటకి బయల్దేరింది. జీడిమామిడి తోటలో దక్షిణ వీధి ఆడవాళ్ళు రాలిన పళ్ళు పోగేసి, పిక్కలు మెలితిప్పి వేరు చేస్తున్నారు. నేను మజ్జిగ తపేలా పట్టుకెళ్ళేసరికి వదిన వాళ్ళ మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని తనూ పిక్కలు తిప్పుతోంది. చీరంతా పండు రసం. జీడిపండు మరక ఉతికితే పోదని తెలీదా అంటే, పోకపోతే ఉంటుంది అంది.

వాళ్ళలో పెద్దది వరహాలు. డెబ్బై దాటి ఉంటుంది, నోటికి జంకు లేదు. మా గుమ్మం మీరెందుకు తొక్కరని వదిన ఆవిణ్ణి అడిగింది. బుగతోరంటే మాకు గౌరవం గదమ్మా అని వరహాలు నవ్వింది. బుగతలంటే భూస్వాములు, అంటే మా ఇంటివాళ్ళే. తక్కినవాళ్ళూ నవ్వారు. ఆ నవ్వు నేను ఎన్నోసార్లు విన్నదే. అందులో ఏదో ఉందని మాత్రం ఆ రోజే తట్టింది.

అప్పుడు వదిన పోయినేడు తను బర్మాలో చూసిన సంగతి చెప్పింది. అక్కడ పొలాల మధ్య మనవాళ్ళ ఊరొకటి ఉందట. అందులో ఒక ముసలమ్మ. పుట్టింది అక్కడే, ఇండియా ఎలా ఉంటుందో తెలీదు. మాది ఉద్దానం అని వదిన అనగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "బుగతోరి తూరుపు గుమ్మం ఇంకా ఉన్నాదేటమ్మా?" అని. వాళ్ళ అయ్యని ఆ గుమ్మంలోంచే పంపారట. మా తాతగారు మనుషుల్ని ఇంటి ముందు వరసగా నిలబెట్టి, బొట్టు పెట్టి, ఆ గుమ్మంలోంచి బారువ రేవుకి నడిపించేవారట.

పిక్కలు తిప్పే చేతులన్నీ ఆగిపోయాయి. వరహాలు చేతిలో పిక్క కింద పెట్టింది.

"ఆలందరూ అందులోంచే ఎల్లేరమ్మా," అంది. "ఎల్లినోలు ఒక్కలూ రానేదు. రంగంలో జపానోల బాంబులు పడ్డనాడు మీ తాత ఆలని మిల్లులో ఉండమన్నాడట. ఓడ టిక్కెట్లు తెత్తాను, ఇక్కడే ఉండండి, కదలొద్దు అన్నాడట. ఆయన ఓడెక్కి ఒచ్చీసేడు. ఆలు అక్కడే ఉన్నారు. మా మామ్మ సచ్చేదాకా బొట్టు తియ్యనేదు. పోయేడని ఎవరూ సెప్పనేదు గదా. మా తాత ఏడీ అని ఎవరడిగినా రానేదు అనీదే గాని, పోయేడు అనీది కాదు. ఆ గుమ్మం తొక్కితే తిరిగి రారని మాకు సిన్నప్పుడే సెప్పీసేరు. గౌరవం అని మీరనుకున్నారు. అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాం."

మజ్జిగ ఎవరూ తాగలేదు. తపేలా ఎత్తుకుని ఇంటికొచ్చాను. ఆ రోజు శుక్రవారం. పసుపు గిన్నె పట్టుకుని తూర్పు గడప ముందు కూర్చున్నాను గాని చెయ్యి సాగలేదు. కొత్తకోడలిగా వచ్చినప్పట్నుంచి ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసింది నేను, ముగ్గు పెట్టింది నేను. మనుషుల్ని మింగిన గడపకి ఇన్నేళ్ళూ నాచేత పూజ చేయించారని ఒళ్ళు మండిపోయింది. పసుపు గిన్నె తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేశాను. ఆ తరవాత శుక్రవారమూ రాయలేదు. మావారు చూడలేదు. మగవాళ్ళు గడప దాటుతారు గాని గడప చూడరు.

ఇంక ఇంట్లో గొడవ. వదిన దాచుకునే మనిషి కాదు. భోజనాల దగ్గరే తమ్ముడికి అంతా చెప్పేసింది. రంగం వెళ్ళినవాళ్ళ మీద తన ఆఖరి పుస్తకం అచ్చులో ఉందని, అందులో ఆఖరి అధ్యాయం మన ఇల్లేనని, ఆర్చి దగ్గర చెప్పబోయేది కూడా అదేనని చెప్పింది.

మావారు ముద్ద కంచంలో వదిలేశారు. మొదట నవ్వులాట అనుకున్నారు. తరవాత బతిమాలారు. బర్మా ముసలమ్మకి మతి భ్రమించి ఉంటుందన్నారు, దక్షిణ వీధివాళ్ళని అవతలి పార్టీవాళ్ళు ఎగదోశారన్నారు. ఆఖరికి అసలు సంగతి బయటపెట్టారు. ఒక యూనివర్సిటీకి వైస్‌ఛాన్సలర్ పోస్టు ఖాళీగా ఉంది. పెద్దాయన మాట వేస్తే అయిపోతుంది. ఆర్చి ప్రారంభం రోజు సభలోనే ఆ మాట అంటానని ఒప్పుకున్నారట. అక్క ఇన్నేళ్ళూ పడిన అవమానాలకి ఇదే జవాబు అవుతుందని ఆయన నిజంగానే అనుకున్నారు. అక్క మీద ప్రేమ లేని మనిషి కాదు.

"అప్పా, నువ్వు ప్రపంచమంతటి గురించీ రాసుకో. నాను అడ్డం ఒచ్చేనా ఎప్పుడైనా? మన ఇంటి గురించెందుకు?" అన్నారు.

"ఆసియా చరిత్ర రాసిందాన్ని నాను," అంది వదిన. "మన ఇల్లు ఆసియాలో నేదేట్రా?"

ఆ తరవాత మావారు అన్న మాట మాత్రం కత్తిలా ఉంది. ఆ నోటితో ఆ మాట సభలో అన్నావంటే నీకు పుట్టిల్లు లేదనుకో అన్నారు. వదిన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచింది. ఆ రాత్రి ఆవిడ గదిలో దీపం చాలాసేపు వెలుగుతూనే ఉంది. మర్నాడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వైస్‌ఛాన్సలర్ పదవి ఆవిడకి చేదేమీ కాదు. ఇంటర్వ్యూలో నవ్విన వాళ్ళందరి ముందూ ఆ కుర్చీలో కూర్చోవాలని ఏ మనిషికి ఉండదు? నేను అడిగితే, ఉందనే చెప్పింది. "ఉందే రమణీ. శానా ఉంది. అందుకే కోపమొస్తంది" అంది.

ప్రారంభం రోజు పొద్దున్నుంచీ ఎండ పేలిపోతోంది. ఆర్చికి బంతిపూల దండలు, ప్లాస్టిక్ తోరణాలు. మావారి కుడిభుజం ఢిల్లేశ్వరరావు మైకుసెట్టు చూస్తున్నాడు. మనుషుల్ని ఆటోల్లో తోలుకొచ్చింది కూడా అతనే. పెద్దాయన కార్లు వచ్చాయి, రిబ్బను కత్తిరించడం అయింది, శాలువాలు అయ్యాయి. పెద్దాయన తన మాట నిలబెట్టుకున్నారు. మన ప్రాంతపు ఆడపడుచు ఒక విశ్వవిద్యాలయానికే అధిపతి కావాల్సిన వ్యక్తి అని, ఆ శుభవార్త త్వరలో వింటారని చెప్పి చప్పట్లు కొట్టించారు. పదవి మాట విన్నాక అక్క ఇంక ఆ ఊసెత్తదని మావారి ధీమా. తరవాత వదినని పిలిచారు. ఆవిడ జీడిపండు మరక ఉన్న ఆ చీరే కట్టుకుని వచ్చింది. వేరే చీరలు లేక కాదు.

ఇది నా వీడ్కోలు ఉపన్యాసం అని మొదలుపెట్టింది. నేను పాఠాలు చెప్పుకునే మనిషిని, ఏ క్లాసుకి వెళ్ళినా ముందు హాజరు తీసుకోవడం నాకు అలవాటు, ఇవాళ కూడా తీసుకుంటాను అంది. జనం నవ్వారు. పెద్దాయన కూడా సరదాగా తల ఊపారు. వదిన చేతిలో కాగితం లేదు.

"దుంపల అసిరయ్య," అని పిలిచింది.

ఎవరూ పలకలేదు. ఊళ్ళో అసిరయ్యలు ఒకరిద్దరున్నారు గాని దుంపల అసిరయ్య లేడు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు వెనక, ఎండలో నిలబడ్డ ఆడవాళ్ళలోంచి వరహాలు గొంతు వినిపించింది.

"రానేదు."

వదిన తల ఊపింది. "కర్ని పోలయ్య."

ఈసారి ఇంకో గొంతు. "రానేదు."

"బమ్మిడి సన్యాసి."

"రానేదు."

"మడ్డు నారాయుడు."

ఇప్పుడు రెండు మూడు గొంతులు కలిశాయి. వదిన పిలుస్తూనే ఉంది. ఒక్కొక్క పేరుకీ జవాబు పెరిగింది. ఆటోల్లో తోలుకొచ్చిన వాళ్ళలో పక్క ఊళ్ళవాళ్ళు కూడా, ఎవరి ఇంటి పేరు వస్తే వాళ్ళు పలికారు. పెద్దాయన వాచీ చూసుకున్నారు. మావారు ఢిల్లేశ్వరరావుకి సైగ చేశారు. మైకు ఆగిపోయింది. పాపం, ఇన్నేళ్ళు వెనక బెంచీలకి వినపడేలా పాఠం చెప్పిన గొంతు అని వాళ్ళకి తెలీదు.

మైకు లేకుండానే మిగతాది చెప్పింది. వీళ్ళందరికీ బొట్టు పెట్టి తూర్పు గుమ్మంలోంచి పంపింది మా తాత అని చెప్పింది. టిక్కెట్లు తెస్తాను, ఇక్కడే ఉండండని చెప్పి తనొక్కడే ఓడెక్కింది కూడా మా తాతేనంది. ఆ ఇంటి పిల్లనే నేను, ఆ అన్నమే తిన్నాను, ఆసియా అంతా తిరిగి నేను నేర్చుకున్న చరిత్ర ఇది, ఇంక క్లాసు అయిపోయింది అని దణ్ణం పెట్టి దిగిపోయింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. దక్షిణ వీధివాళ్ళు ఆర్చి కింద నుంచి కాకుండా పక్కనున్న పుంతదారిలోంచి ఇళ్ళకి వెళ్ళిపోయారు. పెద్దాయన కార్లు భోజనానికి ఆగలేదు. వండిన పులిహోర ఆ సాయంత్రం పశువులకి పెట్టించాను.

మావారు రాత్రి అన్నం తినలేదు. నాతో ఒకటే మాట అన్నారు. రేపు పొద్దున్న ఆవిడ బండెక్కాక తూర్పు గుమ్మానికి తాళం పడుతుంది, ఆడపిల్ల అని ఇంక ఎవరికీ తెరవరు అని. నేను లేచి సారె సర్దుకున్నాను. చీర, పసుపు, కుంకుమ, గాజులు, మన తోటలో పిక్కల పప్పు.

తెల్లారాక వదిన పెట్టె పట్టుకుని పెరటివైపు నడిచింది. వరహాలు నడిచే దారి తనకి చాలంది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ ఇంట్లో ఇంకొకరి మాటకి ఎదురు నా గొంతు లేచింది అప్పుడే, అంతకుముందు ఎన్నడూ లేదు.

"తూరుపు గుమ్మంలోంచే ఎల్లు వదినా," అన్నాను. "అందులోంచి ఎల్లినోలు ఒక్కలూ రానేదన్నారు గదా. నువ్వెల్లి, తిరిగి రా."

"తాళం ఏత్తన్నాడు గదే మీ ఆయన?"

"తాళం సంగతి నాను సూసుకుంటాను."

బొట్టు పెట్టాను. సారె చేతికిచ్చాను. వసారాలో మావారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు, పేజీ తిప్పడం లేదు. గుమ్మం పక్కన ఢిల్లేశ్వరరావు తాళంకప్ప పట్టుకుని నిలబడ్డాడు. అతని చేతిలోంచి తాళంకప్ప, తాళంచెవి రెండూ తీసుకుని కొంగున ముడేసుకున్నాను. అతను వసారా వైపు చూశాడు. పేపరు కదల్లేదు.

వదిన గడప దాటింది. బయట పలాస వెళ్ళే ఆటో ఆగి ఉంది. కుళాయి దగ్గర దక్షిణ వీధి ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని వరసలో ఉన్నారు. అందరూ చూస్తున్నారు. వదిన పెట్టె ఆటోలో పెట్టింది, తనూ ఎక్కి కూర్చుంది. ఆటో కదిలింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఎప్పటికి వస్తుందో, అసలు వస్తుందో రాదో అని కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

ఆటో రామాలయం మలుపు దాకా వెళ్ళి ఆగింది. వదిన దిగింది. పెట్టె దించుకుంది. ఆటోవాడితో ఏదో అంది, వాడు బుర్ర గోక్కుని వెళ్ళిపోయాడు. ఆ ఎండలో పెట్టె ఒక చేత్తో, సారె మూట ఇంకో చేత్తో పట్టుకుని, తాపీగా నడుచుకుంటూ వెనక్కి వచ్చింది. కుళాయి ముందు నుంచి, అందరూ చూస్తుండగానే వచ్చి, తూర్పు గడప తొక్కి లోపల నిలబడింది.

"ఢిల్లీలో నాకేటుందే, కాళీ సెయ్యాల్సిన క్వార్టరు తప్ప," అంది నాతో. తరవాత వసారా వైపు తిరిగి, "ఒరే తమ్ముడూ, ముందు గది నాది. పుస్తకాలు లారీలో ఒత్తాయి, బీరువాలు సూసి పెట్టు" అంది.

పేపరు కిందికి దిగింది. మావారి ముఖం నేను చూడలేదు. నేను కుళాయి వైపు చూస్తున్నాను. నిండిన బిందె పొర్లిపోతున్నా ఎవరూ కుళాయి కట్టడం లేదు. వరహాలు మా గుమ్మం వైపే చూస్తూ, ఎవరో హాజరు పిలిచినట్టే, అందరికీ వినపడేలా చెప్పింది.

"ఒచ్చింది."